సూదిబెజ్జం లేని పూత: గ్యాస్‌ను వేరుచేసే కాంపోజిట్ మెంబ్రేన్ ల్యాబ్‌లో చేసుకోవడం ఎలా

పైడిభీమవరం ఫార్మా కంపెనీలకు ట్రైనింగ్‌కు వెళ్లొచ్చిన మా కెమికల్ ఇంజినీరింగ్ పిల్లలు దాదాపు ఏటా ఒకే ప్రశ్న మోసుకొస్తారు. “నైట్రోజన్ ప్లాంటు చూపిస్తామన్నారు సార్. చూస్తే గోడవారగా నాలుగు గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక పక్క కంప్రెసర్ గాలి పోతోంది, ఇంకో పక్క నైట్రోజన్ వస్తోంది. లోపల తిరిగేది లేదు, మరిగేది లేదు. ఎలా సార్?”

ఆ గొట్టాల్లో ఉండేవి వెంట్రుకల్లాంటి సన్నని బోలు దారాలు, వేలకొద్దీ. వాటి గోడల్లోంచి ఆక్సిజన్ చురుగ్గా, నైట్రోజన్ నిదానంగా బయటికి పోతాయి. దారం చివరికి చేరేసరికి లోపల మిగిలేది దాదాపు నైట్రోజనే. సాల్వెంట్ ట్యాంకుల్లో నిప్పు పుట్టకుండా పైన కప్పేది దాన్నే. ఇంతవరకు బోర్డు మీద చెప్పేయొచ్చు. పిల్లలు తలూపుతారు కూడా. కానీ చేత్తో ఒకటి చేసి, గ్యాస్ పెట్టి, స్టాప్‌వాచ్‌తో కొలిచిన రోజునే అది బుర్రకెక్కుతుంది.

అందుకే అరచేతిలో పట్టే మెంబ్రేన్ (గ్యాస్‌లను వేరుచేసే పల్చని పొర) బిళ్ల ఒకటి తయారుచేసి, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లతో పరీక్షించేవరకు ఇక్కడ రాస్తున్నాను. బోలు దారం తీయాలంటే స్పిన్నింగ్ యూనిట్ కావాలి, కాబట్టి మనం షీటు చేద్దాం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇది చక్కగా సరిపోతుంది. నాలుగు వారాలు చేతిలో పెట్టుకోండి, రెండు వారాల్లో అవుతుందని గైడ్‌కు మాటివ్వకండి.

ఏం చేస్తున్నామో ముందు తెలియాలి

మట్టిగోడకు సున్నం వేసినట్టే ఇది. గోడను నిలబెట్టేది మట్టి, పైకి పని చేసేది సున్నం. కాంపోజిట్ మెంబ్రేన్‌లో అడుగున పాలిస్టర్ నాన్‌వోవెన్ గుడ్డ, దాని మీద రంధ్రాలున్న పాలీసల్ఫోన్ పొర, అన్నిటికన్నా పైన కొద్ది మైక్రాన్ల సిలికోన్ రబ్బరు పూత ఉంటాయి. ఆ రబ్బరు పేరు పీడీఎంఎస్. గ్యాస్‌లను వేరుచేసేది ఆ పై పూత ఒక్కటే. కింది రెండూ దానికి ఊతం, వాటినే సపోర్టు అంటాం.

పూత అంత పల్చగా ఎందుకు? మందం సగమైతే గ్యాస్ రెట్టింపు పోతుంది. పీడీఎంఎస్‌లో కార్బన్ డయాక్సైడ్ పారగమ్యత సుమారు 3200 బారర్లు, నైట్రోజన్‌ది సుమారు 280. బారర్ అనేది పదార్థం గుణాన్ని కొలిచే యూనిట్. మీ చేతిలోని బిళ్ల ఎంత గ్యాస్ పోనిస్తుందో చెప్పేది జీపీయూ. రెండింటికీ ముడి తేలిక: ఒక బారర్ ఉన్న పదార్థాన్ని ఒక మైక్రాన్ మందంగా పరిస్తే ఒక జీపీయూ. అంటే పూత 5 మైక్రాన్లుంటే నైట్రోజన్ 56 జీపీయూ, కార్బన్ డయాక్సైడ్ 640 జీపీయూ రావాలి. రెండింటి నిష్పత్తి 11కు కాస్త అటూ ఇటూ. దీన్నే సెలెక్టివిటీ అంటాం. మన లక్ష్యం ఆ 11.

అయితే పూతలో సూదిబెజ్జాలు ఉండకూడదు. గ్యాస్‌కు రబ్బరులో కరిగి, ఈది, అవతల తేలడం కష్టమైన పని. పక్కనే బెజ్జం కనిపిస్తే అటే దూరుతుంది. మొత్తం విస్తీర్ణంలో లక్షో వంతు బెజ్జాలున్నా చాలు, సెలెక్టివిటీ కుప్పకూలడానికి. ప్రాజెక్టులు చెడేది ఖరీదైన పాలిమర్ దొరక్క కాదు, ఇక్కడే. పరిశ్రమకు కూడా ఇదే తలనొప్పి. 1970ల చివర్లో మోన్‌శాంటో కంపెనీలో హెనిస్, ట్రిపోడి అనే ఇద్దరు పాలీసల్ఫోన్ బోలు దారాల మీది బెజ్జాలను పల్చని సిలికోన్ పూతతో పూడ్చారు. అక్కడ గ్యాస్‌ను వేరుచేసేది పాలీసల్ఫోనే, సిలికోన్‌ది మాట్లు వేసే పని. 1980 ప్రాంతంలో ప్రిజం పేరుతో ఆ మెంబ్రేన్లు మార్కెట్‌కు వచ్చి, అమ్మోనియా ప్లాంట్లలో వృథాగా పోయే హైడ్రోజన్‌ను వెనక్కు పట్టాయి.

సపోర్టు పోత

డెడ్‌లైన్ తరుముతుంటే సపోర్టును రెడీమేడ్‌గా కొనేయండి. పాలీసల్ఫోన్ అల్ట్రాఫిల్ట్రేషన్ షీటు అని అడిగితే ఇస్తారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. సొంతంగా చేసేవాళ్లకు పద్ధతి ఇది.

పాలీసల్ఫోన్ గింజలను 100 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టండి. 17 గ్రాములు తూచి 83 గ్రాముల ఎన్‌ఎంపీ అనే సాల్వెంట్‌లో వేసి, మూత బిగించి, 60 డిగ్రీల దగ్గర రాత్రంతా కలపనివ్వండి. తెల్లారేసరికి పల్చటి తేనెలా ఉండాలి. కలపడం ఆపి, బుడగలన్నీ పైకి తేలేదాకా మరో పూట కదపకండి. ఒక్క బుడగ మిగిలినా అది పొరలో గుంట అవుతుంది, ఆ గుంట మీద పూత నిలవదు.

ఎన్‌ఎంపీ వాసన పెద్దగా రాదు గనుక చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చర్మం లోంచి ఒంట్లోకి పోతుంది, గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయండి. బ్యూటైల్ గ్లౌజులు మంచివి. నైట్రైల్‌వే ఉంటే తడి తగలగానే మార్చేయండి. దాని బదులు డీఎంఎఫ్ అనే సాల్వెంట్ వాడదామనుకుంటే దాని మీద ఇంకా జాగ్రత్త కావాలి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

గాజు పలక మీద నాన్‌వోవెన్ గుడ్డను ముడతల్లేకుండా పరిచి అంచులకు టేపు వేయండి. ద్రావణాన్ని సమంగా పరిచే కాస్టింగ్ నైఫ్ గ్యాప్‌ను 200 మైక్రాన్లకు పెట్టి, ద్రావణాన్ని ఒక చివర గీతలా పోసి, ఒకే ఊపులో లాగండి. నైఫ్ లేకపోతే గాజు కడ్డీ రెండు చివర్లా సెల్లో టేపు నాలుగు చుట్లు చుట్టండి. టేపు మందమే మీ గ్యాప్. లాగుతూ మధ్యలో ఆగితే అక్కడ అడ్డంగా గట్టు పడుతుంది. అట్టు వేసేటప్పుడు గరిటె ఆగితే ఏమవుతుందో అదే.

వెంటనే పలకను నీళ్ల తొట్టిలో ఏటవాలుగా, ఆగకుండా ముంచేయండి. నీళ్లు తగిలిన చోటల్లా గాజులాంటి పొర కొన్ని సెకన్లలో పాలలా తెల్లబడుతుంది. సాల్వెంట్ నీళ్లలోకి పోతుంది, నీళ్లు పొరలోకి వస్తాయి, పాలిమర్ విరిగి రంధ్రాల గూడు కడుతుంది. దీన్నే ఫేజ్ ఇన్వర్షన్ అంటారు. సముద్రపు నీటి నుంచి మంచినీళ్లు తీయడానికి 1960 ప్రాంతంలో ఈ దారి వేసింది లోబ్, సౌరిరాజన్. ఆ సౌరిరాజన్ మన దేశంవాడే. మొదటిసారి ఈ తెల్లబడడం చూసిన మా అటెండరు, “ఏటి సార్, గాజు మీద గంజి వార్చినారా?” అన్నాడు. పోలిక పెద్ద తప్పేమీ కాదు.

మన సముద్ర తీరం జిల్లాల్లో ఉన్న చిక్కు తేమ. వానాకాలంలో పలకను తొట్టి దగ్గరికి తీసుకెళ్లేలోపే గాలిలోని తేమ తగిలి పొర మసకబారుతుంది, పైన రంధ్రాలు పెద్దవైపోతాయి. ఒక ఆగస్టులో వరుసగా ఆరు షీట్లు ఇలాగే పోగొట్టుకున్నాం. జనవరిలో అదే ద్రావణం, అవే చేతులు, షీటు మాత్రం నున్నగా వచ్చింది. ఏసీ గదిలో వేయండి, తొట్టిని చేతికందే దూరంలో పెట్టుకోండి, ఆ రోజు తేమ ఎంతో నోట్‌బుక్‌లో రాయండి.

షీటును రాత్రంతా నీళ్లలో ఉంచి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. ఎన్‌ఎంపీ కలిసిన ఆ నీళ్లను సింకులో పారబోయకండి, సాల్వెంట్ వేస్ట్ క్యాన్‌లో పోయండి.

తడి షీటును అలాగే గాలికి ఆరేయడం అందరూ చేసే పొరపాటు. నీటికి తలతన్యత ఎక్కువ, సుమారు 72 మిల్లీన్యూటన్ పర్ మీటర్. ఆరుతూ ఆరుతూ రంధ్రాల గోడలను దగ్గరికి లాగేసి మూసేస్తుంది. అందుకని ముందు ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అరగంట, తాజా ఐపీఏలో ఇంకో అరగంట, ఆ తర్వాత హెక్సేన్‌లో అరగంట ఉంచి, అప్పుడు హుడ్‌లో ఆరనివ్వండి. హెక్సేన్‌ది 18 మాత్రమే గనుక గోడలను గుంజదు.

పూత

మనం వాడే పీడీఎంఎస్ పేరు సిల్గార్డ్ 184, రెండు డబ్బాల్లో వస్తుంది. బేస్ పది పాళ్లు, దాన్ని గట్టిపరిచే క్యూరింగ్ ఏజెంట్ ఒక పాలు. మనకు మూడు శాతం ద్రావణం చాలు: 2.7 గ్రాముల బేస్, 0.27 గ్రాముల క్యూరింగ్ ఏజెంట్, 97 గ్రాముల హెక్సేన్. ముందు బేస్‌ను హెక్సేన్‌లో కరిగించి, చివర్లో క్యూరింగ్ ఏజెంట్ వేసి, పది నిమిషాలు కలిపి, హెక్సేన్‌కు తట్టుకునే సిరంజి ఫిల్టర్‌లోంచి వడగట్టండి. ఈ ద్రావణం 100 మైక్రాన్ల తడి పొరగా నిలిస్తే ఆరాక మిగిలేది సుమారు 2 మైక్రాన్లు.

గ్లౌజులు చూసుకోండి. మూడేళ్ల కిందట ఒక బ్యాచ్ పూత మూడు రోజులైనా ఆరలేదు, వేలు పెడితే బెల్లం పాకంలా సాగింది. ఓవెన్ పాడైందనుకున్నాం. సిల్గార్డ్ పాతబడిందనుకుని కొత్త డబ్బా తెప్పించాం. అదీ అంతే. చివరికి తేలిందేమిటంటే ఆ నెల స్టోర్స్‌లో నైట్రైల్ అయిపోయి లాటెక్స్ గ్లౌజులు ఇచ్చారు. సిల్గార్డ్ గట్టిపడేది ప్లాటినం ఉత్ప్రేరకంతో. లాటెక్స్‌లోని గంధకం దాన్ని చంపేస్తుంది. అమైన్లు, టిన్ సమ్మేళనాలు చేసే పనీ అదే. కలిపే గాజు కడ్డీ నుంచి బీకరు దాకా ఏదీ రబ్బరు తగిలినది కాకుండా చూడండి.

రెండో శత్రువు దుమ్ము. ముందు రోజు సాయంత్రమే బల్లను తడిగుడ్డతో తుడవండి. పూత వేసే రోజు గది ఊడ్చకూడదు, ఫ్యాను తిరగకూడదు. ఎండాకాలంలో చెమటకు తట్టుకోలేక ఎవరో ఒకరు ఫ్యాను స్విచ్ దగ్గరికి చేయి పోనిస్తారు. స్విచ్ మీద టేపు వేసేయండి.

ఆరిన సపోర్టును గాజు పలక మీద నున్నటి వైపు పైకి ఉండేలా పెట్టి నాలుగు అంచులకూ టేపు వేయండి, ద్రావణం వెనక్కు దూరకూడదు. పలకను ఏటవాలుగా పట్టుకుని పై అంచు పొడవునా ద్రావణం పోయండి. తెరలా కిందికి జారుతుంది. ఎక్కడైనా తడి పట్టని మచ్చ కనిపిస్తే ఆ క్షణమే మళ్లీ పోయండి, ఆరాక సర్దుదామంటే కుదరదు. నిమిషంపాటు నిలువుగా పెట్టి కారనివ్వండి. ఆ తర్వాత పలకను తలకిందులు చేసి రెండో అంచు పైనుంచి ఇంకోసారి పోయండి. మొదటి అంచు పల్చన, రెండో అంచు మందం కాకుండా ఇది సరిచేస్తుంది.

ఇప్పుడు ఓపిక. హెక్సేన్ అంతా పోయేదాకా, అంటే కనీసం రాత్రంతా, హుడ్‌లోనే ఉంచండి. తొందరపడి తడి షీటును కరెంటు ఓవెన్‌లో పెట్టారంటే హెక్సేన్ ఆవిరి అంటుకుని ఓవెన్ తలుపు పేలుతుంది. ఇది బెదిరింపు కాదు. హెక్సేన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకు ఇరవై డిగ్రీలకు పైగా కింద ఉంటుంది. మర్నాడు 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు పెడితే పూత గట్టిపడుతుంది.

మొదటి కోటు కొంత రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. అందుకని ఇదే వరసలో రెండో కోటు వేయడం నాకు అలవాటు. గ్యాస్ కొంచెం నిదానిస్తుంది, నిజమే. కానీ మొదటి కోటులో దుమ్ము వల్ల పడ్డ బెజ్జం మీదే రెండో కోటు బెజ్జం కూడా పడడం అరుదు. పొందూరు ఖద్దరుకు నూలు వడికేవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు, సన్న నూలు తీయాలంటే ముందు నలుసు పోవాలని. ల్యాబ్‌లో మనం ఫిల్టరుతో, తడిగుడ్డతో, టేపు వేసిన స్విచ్‌తో చేసేది అదే దువ్వుడు.

కొలత

47 మిల్లీమీటర్ల ఫిల్టర్ హోల్డర్, స్టీలుదైతే మంచిది, టెస్ట్ సెల్‌గా పనికొస్తుంది. అడుగున రంధ్రాల స్టీలు బిళ్ల, దాని మీద మెంబ్రేన్ పూత వైపు పైకి, పైన ఓ-రింగ్. పైనుంచి సిలిండర్ గ్యాస్, కింద నుంచి బయటికొచ్చే గ్యాస్‌ను సబ్బు బుడగ మీటర్‌కు కలపండి. మీటర్ కొననక్కర్లేదు. పాత బ్యూరెట్ అడుగున టీ-జాయింటు, రబ్బరు బల్బులో సబ్బు నీళ్లు ఉంటే సరి. కొలిచే ముందు రెండు మూడు బుడగలు పంపి గొట్టం గోడలు తడపండి, లేకపోతే అసలు బుడగ సగం దారిలో పగులుతుంది.

సిలిండర్‌ను గొలుసుతో గోడకు కట్టండి. ఇంకో మాట, నైట్రోజన్‌కు వాసన ఉండదు. ఏసీ కోసం తలుపులు మూసిన చిన్న గదిలో లీకైతే మనిషికి ఊపిరాడట్లేదని తెలిసేలోపే కింద పడిపోతాడు. కొలిచేటప్పుడు కిటికీ తెరిచి పెట్టండి.

ముందు నైట్రోజన్‌తో మొదలుపెట్టండి. రెండు బార్ గేజ్ ఒత్తిడి (బయటి గాలి కన్నా రెండు బార్లు ఎక్కువ) పెట్టి, సెల్‌లోని పాత గాలి పోయేదాకా వదిలి, వరసగా మూడు రీడింగులు ఒకేలా వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాతే కార్బన్ డయాక్సైడ్. అది పాలిమర్‌ను కొంచెం ఉబ్బిస్తుంది, అందుకే చివరికి పెట్టుకుంటాం.

ఒక బిళ్ల లెక్క చూద్దాం. ఓ-రింగ్ లోపల వ్యాసం 4 సెంటీమీటర్లు, అంటే విస్తీర్ణం 12.6 చదరపు సెంటీమీటర్లు. చాలామంది ఇక్కడే 47 మిల్లీమీటర్లు వేసేస్తారు, దాంతో విస్తీర్ణం 38 శాతం ఎక్కువొస్తుంది. గ్యాస్ పోయేది ఓ-రింగ్ లోపలే. ఒత్తిడి తేడా 2 బార్, అంటే 150 సెంటీమీటర్ల పాదరసం. గది 30 డిగ్రీలు.

నైట్రోజన్ బుడగ 10 మిల్లీలీటర్లు ఎక్కడానికి 96 సెకన్లు తీసుకుంది. సెకనుకు 0.104 మిల్లీలీటర్లు. సున్నా డిగ్రీలకు సరిచేయడానికి 273ను 303తో భాగించి గుణిస్తే 0.094. దాన్ని 12.6తో, 150తో భాగించి, పది లక్షలతో గుణిస్తే సుమారు 50 జీపీయూ. కార్బన్ డయాక్సైడ్ బుడగ అదే 10 మిల్లీలీటర్లు 9.6 సెకన్లలో ఎక్కింది, అంటే సుమారు 500 జీపీయూ. సెలెక్టివిటీ 10. నైట్రోజన్ లెక్కన పూత మందం 280ని 50తో భాగిస్తే 5.6 మైక్రాన్లు. ఈ బిళ్ల పాసయింది.

చివర్లో మళ్లీ ఒకసారి నైట్రోజన్ పెట్టి చూడండి. మొదటి రీడింగుకు దగ్గరగా వస్తే మెంబ్రేన్ ఎక్కడా చిరగలేదని అర్థం.

తేడా వస్తే

పూత లేని ఖాళీ సపోర్టుకు ఈ సెలెక్టివిటీ సుమారు 0.8 వస్తుంది. సన్న రంధ్రాల్లో బరువైన అణువు నిదానం, అంతే. 44ను 28తో భాగించి వర్గమూలం తీస్తే 1.25, నైట్రోజన్ అన్ని రెట్లు ముందుంటుంది. కాబట్టి మీ బిళ్లకు 0.8, ఒకటి లాంటివి వస్తే పూత ఉన్నా లేనట్టే. 4, 5 వస్తే పూత బాగానే ఉంది, బెజ్జాలున్నాయి. పది అందుకుంటే నిశ్చింత. 25 వచ్చిందని ఎగిరి గంతేసిన వాళ్లను కూడా చూశాను. మామూలు పీడీఎంఎస్‌కు అంత రాదు, గ్యాస్ లైన్ ఎక్కడో లీకవుతోంది లేదా నైట్రోజన్ రీడింగు స్థిరపడకముందే రాసేశారు.

అనుమానం తీర్చుకోవడానికి నైట్రోజన్‌ను ఒకటి, రెండు, మూడు బార్ల దగ్గర కొలవండి. జీపీయూ మూడింటిలోనూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒత్తిడితో పాటు పెరుగుతుంటే పెద్ద బెజ్జం ఉంది, లేదా ఓ-రింగ్ సరిగా కూర్చోలేదు. ముందు ఓ-రింగ్ చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ లెక్క కుదరకపోతే బిళ్లను బయటికి తీసి, మిథిలీన్ బ్లూ కలిపిన ఐపీఏ చుక్కలు పూత మీద వేసి, నిమిషం ఆగి, వెనక్కు తిప్పండి. తెల్ల గుడ్డ మీద నీలం చుక్క ఎక్కడ పొడిస్తే బెజ్జం అక్కడ. ఆ బిళ్ల ఇక కొలతకు పనికిరాదు, కానీ చుక్కలన్నీ అంచునే ఉన్నాయా, మధ్యలో ఉన్నాయా చూస్తే తప్పు టేపుదో దుమ్ముదో తెలిసిపోతుంది. అదే షీటులో మిగిలిన ముక్కలకు ఒక శాతం ద్రావణంతో ఇంకో కోటు వేసి చూడొచ్చు.

దీంతో బయోగ్యాస్ శుద్ధి చేయొచ్చా?

ఊళ్లో గోబర్‌గ్యాస్ ఉన్నవాళ్ల పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఈ బిళ్లతో వద్దు. పీడీఎంఎస్‌లో మీథేన్ కూడా బాగానే కరిగి పోతుంది, కార్బన్ డయాక్సైడ్‌కూ మీథేన్‌కూ మధ్య సెలెక్టివిటీ మూడున్నర లోపే. కాల్చుకోవాల్సిన గ్యాస్‌లో బోలెడంత గాలికి పోతుంది. ఈ సిలికోన్ పూత మీద పీబ్యాక్స్ 1657 అనే పాలిమర్ పల్చటి పూత వేస్తే నిష్పత్తి 15 పైకి పోతుంది. ఇథనాల్ 70, నీళ్లు 30 పాళ్లు కలిపి, అందులో పీబ్యాక్స్‌ను 80 డిగ్రీల దగ్గర రిఫ్లక్స్‌లో (ఆవిరి చల్లబడి మళ్లీ పాత్రలోకే దిగేలా) రెండు గంటలు కరిగించి, గోరువెచ్చగా ఉండగానే పూయాలి. చల్లారితే జెల్లీలా గడ్డకడుతుంది. సిలికోన్ మీద అది తామరాకు మీద నీళ్లలా జారిపోతుంది గనుక ముందు సిలికోన్ పైభాగానికి కాసేపు ప్లాస్మా గానీ, యూవీ-ఓజోన్ గానీ చూపించాలి.

ఒత్తిడి లెక్క మాత్రం మర్చిపోవద్దు. ఫీడ్‌లో, అంటే లోపలికి పంపే గ్యాస్‌లో, కార్బన్ డయాక్సైడ్ 10 శాతం ఉండి, ఫీడ్ ఒత్తిడి అవతలి ఒత్తిడికి 5 రెట్లే అయితే, ఎంత గొప్ప మెంబ్రేన్ తెచ్చినా అవతల 50 శాతం దాటదు. సెలెక్టివిటీ 15 ఉన్నా 150 ఉన్నా ఆ గీత దాటలేదు. అందుకే కంప్రెసర్ ఖర్చు లెక్క వేశాకే మెంబ్రేన్ ఎంచుకోవాలి. పేడ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, నీటి ఆవిరి కూడా ఉంటాయి. కంప్రెసర్ కన్నా ముందు ఇనుప తుప్పు నింపిన గొట్టం ఒకటి, నీళ్లు పట్టే సీసా ఒకటి పెట్టండి. వారానికోసారి ఆ సీసా ఖాళీ చేసే పని ఎవరిదో ముందే రాసి గోడకు అంటించండి.